కింద చుక్క లేదు, కూలెంట్ మాత్రం తగ్గుతాంది: హెడ్ దించే ముందు ఏం చూడాల?

పాతబండి_అనంతపురం

అన్నలందరికీ నమస్కారం. బండి 2007 మోడల్, 1.1 లీటర్ల పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. 1,38,000 కిలోమీటర్లు తిరిగింది. ఎల్పీజీ కిట్ ఉంది, ఆర్సీలో ఎక్కించిందే. మూడు నెలల నుంచి కూలెంట్ తగ్గిపోతాంది. అనంతపురం నుంచి కర్నూలుకు పోయి వస్తే, అంటే దాదాపు 300 కిలోమీటర్లకు, పావు లీటరు పోయాల్సి వస్తాంది. ఊర్లో తిరిగితే ఇంత పోదు.

కింద చూస్తే ఒక్క చుక్క లేదు. బండి నిలిపే చోట కడప బండలు పరిచినాము, రాత్రి నిలిపి పొద్దున చూసినా తడి కనపడదు. హోస్ పైపులన్నీ చేత్తో తడిమి చూసినా, అన్నీ పొడిగానే ఉండాయి. టెంపరేచర్ ముల్లు ఇంతవరకు సగం దాటలేదు. గేజ్ పుల్ల మీద ఆయిల్ మామూలుగానే ఉంది, పాల రంగు లేదు. సైలెన్సర్‌లో పొద్దున కొంచెం తెల్ల పొగ వస్తుంది, తర్వాత ఉండదు.

మెకానిక్ రేడియేటర్ మూత తీసి, ఇంజిన్ నడిపి చూపించినాడు. బుడగలు వస్తాన్నాయి. "హెడ్ గ్యాస్కెట్ పోయింది, హెడ్ దించాల, ఫేసింగ్ కొట్టించాల" అంటాన్నాడు. అంటే ఇంజిన్ పై భాగానికీ (హెడ్) కింది బ్లాకుకూ మధ్య ఉండే సీలు పోయింది, పై భాగం విప్పి దాని అడుగు చదును చేయించాల అని. ఇంకొకాయన లీకు ఆపే పొడి డబ్బా ఒకటి పోయమన్నాడు. హెడ్ దించేదానికి ముందు ఇంట్లో గానీ చిన్న గ్యారేజీలో గానీ చేసుకోగలిగే పరీక్షలు ఏమున్నాయి? ఏది ముందు, ఏది తర్వాత? ఇంకొక మాట, పాత ఓనరు కూలెంట్ లేకుండా బోరు నీళ్లే పోస్తా వచ్చినాడంట.

---

రేడియేటర్_కర్నూలు

ముందు ఆ పొడి డబ్బా పక్కన పెట్టండి. లీకు ఎక్కడుందో తెలియకముందే అది పోస్తే చిల్లు మూసుకుంటుందో లేదో గానీ, హీటర్ కోర్‌లో (క్యాబిన్‌ను వేడిచేసే చిన్న రేడియేటర్), రేడియేటర్‌లో ఉండే సన్న గొట్టాలు పూడుకునే ప్రమాదం ఉంది. బోరు నీళ్లు తాగిన బండిలో ఇప్పటికే సున్నం పొర కట్టి ఉంటుంది. దాని మీద ఇది కూడా చేరితే మే నెలలో గుత్తి దాటేలోగా ముల్లు పైకి లేస్తుంది. రేడియేటర్‌లో పసుపు వేయడం, గుడ్డు తెల్లసొన పోయడం కూడా ఇంతే. దారిలో నిలిచిపోయినప్పుడు ఊరు చేరుకునేందుకు చేసే పని అది, మరమ్మతు కాదు.

మీరిచ్చిన లెక్కనే తీసుకుందాం. 300 కిలోమీటర్లంటే ఐదు గంటల నడక. 250 మి.లీ. పోయిందంటే గంటకు 50 మి.లీ., అంటే నిమిషానికి పదహారు పదిహేడు చుక్కలు. ఈ చుక్కలు ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (ఇంజిన్ నుంచి పొగ బయటికి పోయే వేడి గొట్టం) మీద పడితే పడినవి పడినట్టే ఆవిరైపోతాయి, నేలదాకా రావు. కాబట్టి "కింద తడి లేదు, అందుకే లోపల ఇంజినే తాగుతోంది" అనే తీర్మానానికి అప్పుడే రాకండి. పైగా కడప బండ నల్లగా ఉంటుంది, మన ఎండలకు చుక్క పడినా పొద్దుటికి ఆరిపోతుంది, మరక కూడా తెలియదు. తెల్ల అట్టముక్క ఒకటి ఇంజిన్ కింద పరిచి, నాలుగు మూలలా రాయి పెట్టి, ముందు చక్రాలు ఎక్కడున్నాయో గీత గీసుకోండి. మరక పడిన చోటును బట్టి పైన ఏ భాగం ఉందో తెలుస్తుంది.

తర్వాత కొలత. "పావు లీటరు" అనేది ఉజ్జాయింపు, దానితో పని జరగదు. పొద్దున బండి పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీసి అంచు వరకు నింపండి. రేడియేటర్ నుంచి ఉబ్బిన కూలెంట్ పోయి చేరే ప్లాస్టిక్ బాటిల్ మీద నీటి మట్టానికి టేపు అంటించండి. ఆ తర్వాత రోజూ పొద్దున రెండు చోట్లా చూడండి, తగ్గినంత సిరంజితో పోసి, కిలోమీటర్లు, మి.లీ. రాసుకోండి. రెండు చోట్లా చూడమనడానికి కారణం ఉంది. రేడియేటర్‌లో తగ్గి బాటిల్‌లో అలాగే ఉందంటే నూటికి తొంభై పాళ్లు తప్పు మూతదో, మూత దగ్గర నుంచి బాటిల్‌కు పోయే సన్న పైపుదో.

ఎందుకంటే ఆ మూతలో రెండు వాల్వులు ఉంటాయి. పెద్ద స్ప్రింగ్ వాల్వు లోపల ప్రెషర్‌ను పట్టి ఉంచుతుంది. దాని మీద 0.9 అనో 1.1 అనో, కొన్నిటి మీద 88 అనో 108 అనో ఉంటుంది. మొదటివి బార్, రెండోవి కిలోపాస్కల్. మధ్యలో ఉండే చిన్న బిళ్ల వాక్యూమ్ వాల్వు. ఇంజిన్ వేడెక్కితే నాలుగు లీటర్ల కూలెంట్ 150 నుంచి 200 మి.లీ. దాకా ఉబ్బుతుంది. అది బాటిల్‌లోకి పోయి, చల్లారాక ఈ చిన్న బిళ్ల తెరుచుకుంటే తిరిగి రేడియేటర్‌లోకి రావాలి. బిళ్ల సున్నం పట్టి బిగుసుకుపోయినా, పైపు ఎక్కడైనా చిట్లినా, నీళ్లకు బదులు గాలి లోపలికి వస్తుంది. పొద్దున పై హోస్ చదునుగా నొక్కుకుపోయి ఉంటే బిళ్ల బిగుసుకుందని గుర్తు. బిళ్లను గోటితో మెల్లగా లాగి చూడండి, తేలిగ్గా వచ్చి టక్కున వెనక్కి పోవాలి. రబ్బరు వాషర్ గట్టిపడి గాడి పడితే మూత మార్చేయండి. కొత్తది కొనేటప్పుడు పాతదాని మీద అంకె ఎంతో అంతే తీసుకోండి. ఎక్కువ ప్రెషర్‌ది వేస్తే పాత ప్లాస్టిక్ ట్యాంకు అంచు విడిపోతుంది, తక్కువది వేస్తే తొందరగా మరుగుతుంది. 0.9 బార్ ప్రెషర్‌లో వట్టి నీళ్లు కూడా దాదాపు 118 డిగ్రీల వరకు మరగవు. ఆ ప్రెషర్ నిలవకపోతే 100 దగ్గరే మరిగి ఆవిరైపోతాయి.

అందుకే వేడి మీద మూత తీయొద్దు. లోపల 100 దాటిన నీళ్లు ఉంటాయి. మూత వదులైన క్షణమే ఆవిరిగా మారి మొహం మీదికి కొడతాయి.

ఇక అసలు పరీక్ష. చేతి పంపు, గేజ్ ఉండే ప్రెషర్ టెస్టర్ రేడియేటర్ షాపుల్లో ఉంటుంది. ఇంజిన్ చల్లగా ఉండాలి. వేడి మీద పెడితే చల్లారే కొద్దీ ముల్లు దానంతట అదే పడుతుంది, లీకు అనుకుని మోసపోతారు. రేడియేటర్ నింపి, మూత మీద ఉన్న అంకె వరకే పంపు కొట్టి, 20 నిమిషాలు వదిలేయండి. ముల్లు కదలకపోతే చల్లటి లీకు లేదు. పడిందంటే టార్చ్, చిన్న అద్దం తీసుకుని వెతకండి.

వెతకాల్సిన చోట్లు చెప్తాను. వాటర్ పంపు బాడీ కింద చిన్న రంధ్రం ఉంటుంది. లోపల సీలు పోతే నీళ్లు బేరింగ్‌లోకి పోకుండా బయటికి కారడానికే ఆ రంధ్రం పెట్టారు. దాని చుట్టూ తెల్లగానో పచ్చగానో ఉప్పు పేరుకుని ఉంటే పంపు పోయినట్టే. పంపు టైమింగ్ బెల్టుతో తిరిగే ఇంజిన్ అయితే ఇది కవర్ వెనక దాక్కుంటుంది, కవర్ పై భాగం తీస్తే గానీ కనపడదు. ఇంజిన్ వెనక గోడ వైపు పంపుకు పోయే ఇనుప పైపు ఉంటుంది, బోరు నీళ్లకు లోపలి నుంచి తుప్పు పట్టి సూది మొనంత చిల్లు పడుతుంది. చేత్తో తడిమితే దొరకదు, అద్దంలోనే కనపడుతుంది. ఇన్‌టేక్ మానిఫోల్డ్ కింద ఉండే జానెడు బైపాస్ హోస్, థ్రాటిల్ బాడీకి పోయే సన్న పైపులు, బ్లాకుకు కొట్టిన కోర్ ప్లగ్ బిళ్లలు, రేడియేటర్‌లో ప్లాస్టిక్ ట్యాంకు అల్యూమినియంతో కలిసే మడత, ఇవన్నీ చూడాలి. తడి కోసం కాదు, మరక కోసం వెతకండి. నీళ్లు ఆవిరైనా వాటిలోని రంగు, ఉప్పు అక్కడే మిగిలిపోతాయి.

---

గ్యాస్‌కిట్_గుత్తిరోడ్

ఒక ప్రశ్న. మెకానిక్ బుడగలు చూపించినప్పుడు బండి గ్యాస్ మీద నడుస్తాండెనా, పెట్రోల్ మీదనా?

ఎందుకు అడుగుతున్నానంటే ఎల్పీజీ కిట్ ఉన్న బండిలో ఇంకొక చోటు ఉంది, దాన్ని చాలామంది మరచిపోతారు. సిలిండర్ నుంచి గ్యాస్ ద్రవంగా వస్తుంది. దాన్ని ఆవిరి చేసే రెడ్యూసర్‌ను వేడిగా ఉంచేది మీ ఇంజిన్ కూలెంటే. హీటర్ పైపులకు టీ జాయింట్లు కొట్టి, రెండు పైపులు దాని దగ్గరికి తెస్తారు. అంటే ఆ అల్యూమినియం డబ్బాలో ఒక గోడకు ఇటు నీళ్లు, అటు గ్యాస్. మధ్యలో గ్యాస్కెట్. అది పోయిందంటే ఏ వైపు ప్రెషర్ ఎక్కువుంటే అటు నుంచి ఇటు దూరుతుంది. గ్యాస్ నీళ్లలోకి వస్తే రేడియేటర్‌లో బుడగలు. నీళ్లు గ్యాస్ వైపు పోతే అవి నేరుగా ఇంజిన్‌లోకి పోయి కాలిపోతాయి, కింద చుక్క పడదు. అచ్చం హెడ్ గ్యాస్కెట్ పోయినట్టే ఉంటుంది.

---

పాతబండి_అనంతపురం

గ్యాస్ మీదే అన్నా. స్టార్ట్ పెట్రోల్ మీద అవుతుంది, వేడెక్కినాక గ్యాస్‌కు మారుతుంది. బుడగలు చూసింది మారినాక. కర్నూలుకు పోయేటప్పుడు కూడా అంతా గ్యాసే, ఊర్లో ఎక్కువగా పెట్రోలే. ఈ రెండూ కలిపి ఆలోచించలేదు నేను.

---

ఇంజిన్_కడప

గుత్తిరోడ్ అన్న అడిగింది సరైన ప్రశ్న. హెడ్ గ్యాస్కెట్టా, రెడ్యూసరా అని విడదీయడానికి హెడ్ దించక్కర్లేదు. వరసగా చెప్తాను, ఈ వరస మార్చొద్దు. తేలికైనవి, ఖర్చు లేనివి ముందు పెట్టాను.

మొదట బుడగల పరీక్ష సరిగ్గా చేయాలి. బండి చల్లగా ఉండగా మూత తీసి, ఇంజిన్‌ను పూర్తిగా పెట్రోల్ మీదే నడపండి, గ్యాస్ స్విచ్ ఆపేసి, సిలిండర్ మీది వాల్వు కూడా చేత్తో మూసేసి. మొదటి రెండు మూడు నిమిషాలు వచ్చే బుడగల్ని లెక్క చేయొద్దు, లోపల ఇరుక్కున్న గాలి బయటికి వస్తుంటుంది. ఆ తర్వాత కూడా యాక్సిలరేటర్‌తో పాటు లయగా, ఆగకుండా బుడగలు వస్తే హెడ్ గ్యాస్కెట్‌ను అనుమానించాలి. పెట్రోల్ మీద బుడగ లేకుండా, గ్యాస్‌కు మార్చగానే మొదలైతే అది రెడ్యూసరే. మూత దగ్గర వంటింటి సిలిండర్ వాసన లాంటిది వస్తుందేమో కూడా చూడండి. ఈ పని ఆరుబయటే చేయాలి. గుంత ఉన్న షెడ్డులో వద్దు, ఎల్పీజీ గాలికంటే బరువు, గుంతలోకి దిగి నిలుస్తుంది. దగ్గర్లో బీడీ, లైటర్, వెల్డింగ్ ఏదీ ఉండకూడదు.

రెండోది రంగు మందు పరీక్ష. రేడియేటర్ మూతి మీద గాజు గొట్టం పెట్టి, నీలం రంగు మందు గుండా లోపలి గాలిని రబ్బరు బుడ్డితో లాగుతారు. మందు కార్బన్ డయాక్సైడ్‌కు రంగు మారుతుంది. పెట్రోల్ బండిలో హెడ్ గ్యాస్కెట్ పోయి ఉంటే నీలం పసుపు అవుతుంది, డీజిల్‌లో ఆకుపచ్చ అవుతుంది. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. కాలని ఎల్పీజీకి ఈ మందు రంగు మారదు. అంటే బుడగలు గలగల వస్తున్నా మందు నీలంగానే ఉందంటే, వస్తున్నది కాలిన పొగ కాదు, పచ్చి గ్యాస్. హెడ్‌ను ముట్టక్కర్లేదు. పరీక్షకు ముందు రేడియేటర్‌లో మట్టాన్ని నాలుగు వేళ్లంత తగ్గించండి. కూలెంట్ మందులోకి ఎగబాకితే ఆ మందు పాడైనట్టే, దాన్ని పారేసి కొత్తది పోయాలి.

మూడోది ప్రెషర్ టెస్టరే, పైన కర్నూలు అన్న చెప్పిందే, రెండుసార్లు పెట్టాలి. మొదటిసారి ఉన్నది ఉన్నట్టు. ముల్లు పడుతూ ఉండి బయట ఎక్కడా తడి లేకపోతే లీకు లోపలే అని అర్థం. అయితే ఏ లోపల? రెడ్యూసర్‌కు వచ్చే రెండు హోస్‌లనూ ఊడదీసి, వాటినే ఒకదానితో ఒకటి అదే లావు ఇత్తడి గొట్టంతో కలిపి, రెండు వైపులా క్లిప్పు బిగించండి. నొక్కి మూసే క్లాంపు పెట్టొచ్చు గానీ, 2007 నాటి హోస్ గట్టిపడి ఉంటే అక్కడే చిట్లుతుంది. ఇప్పుడు మళ్లీ 0.9 బార్ కొట్టి 20 నిమిషాలు చూడండి. ముల్లు నిలిచిందంటే దొంగ దొరికాడు. ఇలా కలిపి ఉన్నన్ని రోజులూ సిలిండర్ వాల్వు మూసి, పెట్రోల్ మీదే నడపాలి. వేడి నీళ్లు తగలని రెడ్యూసర్‌లోకి ద్రవ గ్యాస్ వస్తే అది మంచుగడ్డ కట్టిపోతుంది, లోపలి డయాఫ్రమ్ రబ్బరు దెబ్బతింటుంది.

హోస్‌లు కలిపాక కూడా ముల్లు పడితే అప్పుడు హెడ్ వైపు రండి. ఆ 0.9 బార్ అలాగే రాత్రంతా వదిలి, పొద్దున స్పార్క్ ప్లగ్గులు నాలుగూ తీయండి. ఒక్క ప్లగ్గు మిగతావాటి కంటే తెల్లగా, కడిగినట్టు ఉంటే ఆ సిలిండర్‌లోకి నీళ్లు పోతున్నాయి. ఇగ్నిషన్ కనెక్టర్, ఇంజెక్టర్ ఫ్యూజు తీసేసి, ప్లగ్గు రంధ్రాలకు దూరంగా నిలబడి ఒకటి రెండు సెకన్లు సెల్ఫ్ కొట్టండి. ఏ రంధ్రం నుంచి తుంపర వస్తే ఆ సిలిండరే. ప్లగ్గులు తీయకుండా మాత్రం ఎప్పుడూ సెల్ఫ్ కొట్టొద్దు. సిలిండర్‌లో నీళ్లు నిలిచి ఉంటే అవి గాలిలా నలగవు, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. పదివేల పని లక్ష అవుతుంది.

ఆయిల్ సంగతి కూడా చెప్పాలి. ఫిల్లర్ మూత కింద కొంచెం మీగడలా కనపడితే ప్రతిసారీ భయపడక్కర్లేదు, చిన్న దూరాలు తిరిగే బండిలో చెమ్మ వల్ల కూడా వస్తుంది. గేజ్ పుల్ల మీద ఉన్న ఆయిలే పాల రంగుకు మారినా, మట్టం పెరిగినా ఇక స్టార్ట్ చేయొద్దు, తోయించి తీసుకుపోవాలి.

---

హీటర్_నంద్యాల

అందరూ ఇంజిన్ వైపే చూస్తున్నారు, క్యాబిన్ సంగతి కూడా ఒక మాట. మన దగ్గర హీటర్ నాబు ఎవరూ తిప్పరు, అందుకే హీటర్ కోర్ లీకయినా ఎన్నో రోజులు తెలియదు. ముందు సీటు కాళ్ల దగ్గర కార్పెట్ ఎత్తి, కింద స్పాంజి మీద చేయి పెట్టి చూడండి. ఏసీ నీళ్లు కూడా అక్కడికే రావచ్చు, రెండిటినీ వేరు చేయాలి. ఏసీ నీళ్లకు రంగు, వాసన, జిడ్డు ఉండవు. కూలెంట్ అయితే వేళ్లకు జారుడుగా, తీపి వాసనగా ఉంటుంది. నోట్లో పెట్టుకుని చూడొద్దు, ఇథిలీన్ గ్లైకాల్ విషం. కుక్కలు, పిల్లులు తీపికి నాకి చచ్చిపోతాయి, కింద పడితే నీళ్లు పోసి కడిగేయండి. అద్దం లోపలి వైపు గుడ్డతో తుడిచినా పోని జిడ్డు మంచు పడుతుంటే అది కూడా హీటర్ కోర్ గుర్తే.

ప్రెషర్ టెస్ట్ పెట్టేటప్పుడు హీటర్ నాబు పూర్తి వేడి వైపు తిప్పి ఉంచండి. కొన్ని బండ్లలో నీళ్ల వాల్వు ఉంటుంది. అది మూసి ఉంటే కోర్‌లోకి ప్రెషర్ సరిగా పోదు, లీకు ఉన్నా దొరకదు.

ఏ పరీక్షలోనూ దొరకకుండా వేడి మీద మాత్రమే పోయే లీకు ఉంటే యూవీ రంగు వేయొచ్చు. సీసా మీద రాసిన మోతాదే వేసి, వంద కిలోమీటర్లు తిప్పి, రాత్రి చీకట్లో యూవీ టార్చ్ కొట్టి చూడాలి. చాలా ఆకుపచ్చ కూలెంట్లు రంగు వేయకపోయినా టార్చ్‌కు కొంచెం మెరుస్తాయి. అందుకని ముందే ఇంజిన్ కడిగి ఆరబెట్టుకోండి, లేకపోతే ఎప్పుడో పోసేటప్పుడు ఒలికినది చూసి లీకు అనుకుంటారు. గువ్వలచెరువు ఘాట్ లాంటి ఎక్కుడు మీద లోడుతో ఒకసారి తీసుకుపోయి వచ్చి చూస్తే, ఊర్లో పది రోజులు తిప్పినా బయటపడనిది బయటపడుతుంది.

డీజిల్ బండ్లవాళ్లు ఎవరైనా చదువుతుంటే ఈజీఆర్ కూలర్ (ఇంజిన్‌లోకి తిరిగి పంపే పొగను కూలెంట్‌తో చల్లబరిచే భాగం) కూడా చూడండి. అది లోపల చిట్లితే కూలెంట్ పొగ దారిలో పోయి కాలిపోతుంది, హెడ్ గ్యాస్కెట్ అనే అందరూ అనుకుంటారు.

---

పాతబండి_అనంతపురం

అన్నలూ, నాలుగు రోజులు మీరు చెప్పిన వరసలోనే చేసినా. ఫలితాలు ఇవి.

మూత మీద 0.9 ఉంది. వాక్యూమ్ బిళ్ల బాగానే కదులుతాంది కానీ రబ్బరు గాడి పడింది, కొత్తది వేసినా. వేసినాక కూడా తగ్గుతానే ఉంది. అట్టముక్క మీద మరక లేదు. కార్పెట్ కింద పొడి. పెట్రోల్ మీద మొదట నాలుగు బుడగలు వచ్చి ఆగిపోయినాయి, పదిహేను నిమిషాలు చూసినా మళ్లీ రాలేదు. గ్యాస్‌కు మార్చిన అర నిమిషంలో మొదలైనాయి, వాసన కూడా తెలిసింది. వెంటనే ఆపేసినా. రంగు మందు నీలంగానే ఉంది.

ప్రెషర్ టెస్ట్‌లో 20 నిమిషాలకు 0.9 నుంచి 0.6కు పడింది. హోస్‌లు ఇత్తడి గొట్టంతో కలిపినాక 0.9 మీదే నిలిచింది, అరగంట చూసినాము. ప్లగ్గులు నాలుగూ ఒకే రంగులో ఉండాయి.

ఇప్పుడు రెడ్యూసర్‌కు రిపేర్ కిట్ వేయించాలా, కొత్తదే వేయించాలా? ఇంకొకటి, మెకానిక్ "ఎండాకాలం కదా, థర్మోస్టాట్ తీసేస్తే ఇంజిన్ చల్లగా ఉంటుంది" అంటాన్నాడు. తీయించాలా?

---

గ్యాస్‌కిట్_గుత్తిరోడ్

విప్పి చూసి తేల్చాలి, విప్పేది మీరు కాదు. ఆమోదం ఉన్న కిట్ సెంటర్‌లోనే చేయించండి. సిలిండర్ వాల్వు మూసి, లైన్‌లో మిగిలిన గ్యాస్ అయిపోయాకే పని మొదలుపెట్టాలి. మొదట రెడ్యూసర్ అడుగున ఉండే డ్రెయిన్ స్క్రూ తీయమనండి. మామూలుగా అక్కడ నల్లటి జిడ్డు నూనె వస్తుంది. రంగు నీళ్లు వస్తే ఇంకే అనుమానం అక్కర్లేదు.

మీ బండిలో బోరు నీళ్లు నడిచాయి కాబట్టి గ్యాస్కెట్ కూర్చునే అల్యూమినియం అంచును బాగా చూడమనండి. మన అనంతపురం బోరు నీళ్లలో లవణాలు ఎక్కువ, అల్యూమినియాన్ని గుంటలు గుంటలుగా తినేస్తాయి. అంచు నున్నగా ఉంటే రిపేర్ కిట్ చాలు. గుంటలు పడి ఉంటే కొత్త గ్యాస్కెట్ కూడా ఆరు నెలలు నిలవదు, రెడ్యూసరే మార్చాలి. గుంటల మీద పేస్టు పూసి బిగిస్తామంటే ఒప్పుకోవద్దు, అటువైపు ఉండేది గ్యాస్. బిగించాక ప్రతి గ్యాస్ జాయింటుకూ సబ్బు నురగ పెట్టి మీ ముందే చూపించమనండి. రెడ్యూసర్ రేడియేటర్ మూత కంటే కింది ఎత్తులో ఉండాలి. పైన బిగిస్తే గాలి అక్కడ చేరి వేడి నీళ్లు తిరగవు. టీ జాయింట్లు ప్లాస్టిక్‌వి ఉంటే ఇదే పనిలో ఇత్తడివి వేయించుకోండి, పాతబడ్డాక చేయి తగిలితే విరుగుతాయి.

---

రేడియేటర్_కర్నూలు

థర్మోస్టాట్ తీయించొద్దు. ఇంజిన్ వేడెక్కాకే కూలెంట్‌ను రేడియేటర్‌కు వదిలే వాల్వు అది, దాదాపు 82 డిగ్రీల దగ్గర తెరుచుకోవడం మొదలుపెట్టి 95 దగ్గర పూర్తిగా తెరుచుకుంటుంది. ఎండాకాలం ఎలాగూ తెరిచే ఉంటుంది, తీసేస్తే అదనంగా వచ్చే చల్లదనం లేదు. పైగా కొన్ని ఇంజిన్లలో అదే బైపాస్ దారిని మూస్తుంది. తీసేస్తే వేడి నీళ్లు కొంత రేడియేటర్‌కు పోకుండానే తిరిగి ఇంజిన్‌లోకి వస్తాయి, ఎక్కుడు మీద ఇంకా వేడెక్కుతుంది. అనుమానముంటే గిన్నెలో నీళ్లు కాచి, దారంతో వేలాడదీసి, థర్మామీటర్ పెట్టి చూడండి. తెరుచుకోకపోతే కొత్తది వేయండి.

రెడ్యూసర్ పనికి నీళ్లు ఎలాగూ దించుతారు కాబట్టి ఫ్లష్ కూడా అప్పుడే చేయించండి. చల్లని ఇంజిన్, హీటర్ పూర్తి వేడి మీద, కింది హోస్ ఊడదీసి, తేటగా వచ్చే వరకు కుళాయి నీళ్లతో. చివరి రెండు సార్లు బ్యాటరీ నీళ్లతో (డిస్టిల్డ్ వాటర్, యాసిడ్ కాదు). యాసిడ్ పోసి సున్నం కరిగిస్తామంటే వద్దనండి, పాత అల్యూమినియం రేడియేటర్ దానికి తట్టుకోదు.

నింపేటప్పుడు చాలామంది ఒక తప్పు చేస్తారు. నాలుగు లీటర్ల సిస్టమ్ నుంచి కింది హోస్ తీస్తే రెండున్నర, మూడు లీటర్లే దిగుతుంది, మిగతాది బ్లాకులోనే నిలుస్తుంది. ఫ్లష్ తర్వాత ఆ నిలిచింది వట్టి నీళ్లే. సగం సగం కలిపిన కూలెంట్ పోస్తే లోపల మొత్తం 35 శాతానికి పడిపోతుంది. కాబట్టి ముందు కాన్సంట్రేట్ (నీళ్లు కలపని కూలెంట్) 2 లీటర్లు పోయండి, తర్వాత నిండే వరకు బ్యాటరీ నీళ్లు. మనకు మంచు పడదు, నీళ్లు చాలు అనే మాట వినకండి. తుప్పు ఆపే మందు కూలెంట్‌లోనే ఉంది, ఈ బండికి జరిగిందంతా అది లేకనే. రంగు చూసి కొత్తదాన్ని పాతదానితో కలపొద్దు, ఒక్కో కంపెనీ రంగు ఒక్కోలా ఉంటుంది.

బండి ముక్కు కొంచెం ఎత్తుగా ఉండేలా నిలిపి, మూత లేకుండా, పెట్రోల్ మీద ఐడిల్‌లో నడుపుతూ, పై హోస్‌ను గుడ్డ చుట్టిన చేత్తో పిసుకుతూ మెల్లగా నింపండి. పై హోస్ వేడెక్కిందంటే థర్మోస్టాట్ తెరుచుకుంది. మట్టం నిలకడపడగానే మూత వేసేసి, ఫ్యాను రెండుసార్లు తిరిగి ఆగే వరకు నడిపి ఆపేయండి. పొద్దున చల్లారాక మూత తీసి చూడండి. మొదటి రెండు మూడు రోజులు 100, 150 మి.లీ. తగ్గుతుంది, ఇరుక్కున్న గాలి బయటికి వచ్చిన చోటు అది. లీకు మళ్లీ వచ్చిందని కంగారుపడి అన్నీ విప్పొద్దు. నాలుగో రోజు నుంచి కొలత రాసుకోండి, కర్నూలుకు గ్యాస్ మీద ఒకసారి పోయి వచ్చి టేపు గీత దగ్గర మట్టం ఎంతుందో ఇక్కడ పెట్టండి.